నాస్‌కి అప్‌డేట్ వేశారు సరే, లోపలి కంటైనర్ల సంగతేంటి?

ఫోన్ కొనేముందు ఇప్పుడు దాదాపు అందరూ అడిగే ప్రశ్న: "ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు?" ఐదారేళ్ల క్రితం దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ల హామీ ఇచ్చాక ఇది స్పెక్స్ టేబుల్‌లో ఒక లైన్ అయిపోయింది. మంచిదే.

కానీ అదే మనిషి ఒక నాస్ బాక్సో, ఎన్100 మినీ పీసీనో, రాస్‌బెర్రీ పై 5నో కొని ఇంట్లో పెట్టుకుంటే ఈ ప్రశ్న ఎందుకో గుర్తురాదు. ఒక సాయంత్రం కూర్చుని యూట్యూబ్ చూస్తూ డజను కంటైనర్లు ఎక్కించేస్తాడు. ఫొటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్, యాడ్స్ ఆపడానికి పై-హోల్, పాస్‌వర్డ్‌లకి వాల్ట్‌వార్డెన్, ఫైళ్లకి నెక్స్ట్‌క్లౌడ్. అన్నీ పచ్చగా "రన్నింగ్" అని చూపిస్తాయి. అక్కడితో పని అయిపోయిందనుకుంటాడు. నాస్ కంపెనీ ఓఎస్ అప్‌డేట్ పంపినప్పుడు బుద్ధిగా ఇన్‌స్టాల్ చేస్తాడు కూడా. లోపలున్న ఆ డజను కంటైనర్లకి మాత్రం ఆ అప్‌డేట్‌తో ఏ సంబంధమూ లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కంటైనర్ అంటే ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయే యాప్ కాదు. మీరు పెంచుతున్న ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. దానికి ఏడేళ్ల హామీ ఇచ్చే కంపెనీ ఏదీ లేదు, ఆ కంపెనీ మీరే. కాబట్టి అప్‌డేట్ చేసే ఓపిక ఉన్నన్ని కంటైనర్లే పెట్టుకోండి. మిగతావి తీసేయండి.

మీకు తెలియకుండానే మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?

"నాకు నాస్ లేదు, ఇది నా గొడవ కాదు" అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ల్యాప్‌టాప్ తెరిచినా విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ కనిపించే అవకాశం ఎక్కువ. డబ్ల్యూఎస్ఎల్ 2లో మీరు వేసుకునే ఉబుంటు, ఒక వర్చువల్ మెషిన్ లోపల విడిగా నడిచే కంటైనర్. విండోస్ అప్‌డేట్ ఎన్నిసార్లు వచ్చి ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయించినా ఆ ఉబుంటు లోపలి ప్యాకేజీలను ముట్టుకోదు. ఈ విషయం మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. ఉబుంటు 20.04కి మామూలు సపోర్ట్ 2025 మేలో ముగిసింది. కాలేజీ రోజుల్లో వేసుకున్న 20.04తోనే ఇంకా పనిచేస్తున్నవాళ్లు ఒకసారి చూసుకోవాలి. ఉబుంటు ప్రోకి ఉచితంగా రిజిస్టర్ చేసుకుని దాన్ని పొడిగించుకోవచ్చు, లేదంటే కొత్త వెర్షన్‌కి మారొచ్చు. రెండిట్లో ఏదైనా మీరే చేయాలి.

ఫోన్ల వైపు కూడా ఇదే వస్తోంది. 2025 మార్చి అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్ల డెవలపర్ ఆప్షన్లలో లినక్స్ టెర్మినల్ వచ్చింది. అది నడిపేది డెబియన్‌ని. సాంకేతికంగా అది కంటైనర్ కాదు, వర్చువల్ మెషిన్. కానీ మన ప్రశ్న అక్కడా వర్తిస్తుంది: నెలనెలా ఫోన్‌కి వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ వేరు, లోపలి డెబియన్‌లో మీరు ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలు వేరు. లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ యాప్స్ కోసం వేడ్రాయిడ్ వాడేవాళ్లకి ఇది తిరగేసిన కథ. అక్కడ ఆండ్రాయిడే కంటైనర్‌లో ఉంటుంది, దాని ఇమేజ్‌ని విడిగా అప్‌గ్రేడ్ చేయాలి.

అంటే ఒక మనిషి దగ్గర "అప్‌డేట్ అయింది" అని చూపించే గ్యాడ్జెట్లు మూడుంటే, వాటి లోపల అప్‌డేట్ కాని ఆపరేటింగ్ సిస్టమ్‌లు పదిహేను ఉండొచ్చు.

రెండు రకాలు, రెండు పద్ధతులు

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. కంటైనర్లన్నీ ఒకేలా అప్‌డేట్ కావు.

మొదటి రకం సిస్టమ్ కంటైనర్లు. ఎల్ఎక్స్‌సీ, ఫ్రీబీఎస్‌డీ జైల్స్, డబ్ల్యూఎస్ఎల్‌లోని ఉబుంటు ఈ కోవలోకి వస్తాయి. వీటిని చిన్న కంప్యూటర్ అనుకోండి. లోపలికి వెళ్లి మామూలు కంప్యూటర్‌లో చేసినట్టే ప్యాకేజీలు అప్‌గ్రేడ్ చేయాలి. జైల్స్ ఫ్రీబీఎస్‌డీ 4.0తో 2000 సంవత్సరంలోనే వచ్చాయి. వాటిని నడిపేవాళ్లకి ఒక పాత అలవాటు ఉంది: ముందు హోస్ట్, తర్వాత ప్రతి జైలు బేస్ సిస్టమ్, ఆ తర్వాత ప్రతి జైలులోని ప్యాకేజీలు. జైలు లోపలి వెర్షన్ ఎప్పుడూ హోస్ట్ కెర్నెల్ కంటే ముందుకి వెళ్లకూడదు. అందుకే ఈ వరస. అది తప్పదని వాళ్లు మొదటినుంచీ ఒప్పుకున్నారు.

రెండో రకం డాకర్ లాంటి అప్లికేషన్ కంటైనర్లు. 2013లో డాకర్ వచ్చాక ఇళ్లల్లోకి వచ్చినవన్నీ దాదాపు ఇవే. వీటి లోపలికి వెళ్లి అప్‌గ్రేడ్ చేస్తే ఆ క్షణానికి పనిచేస్తుంది కానీ, కంటైనర్‌ని మళ్లీ సృష్టించగానే మీరు చేసినదంతా పోతుంది. సరైన పద్ధతి ఏంటంటే, కొత్త ఇమేజ్ దించుకోవాలి, పాత కంటైనర్‌ని తీసేయాలి, అదే సెట్టింగ్స్‌తో కొత్తది లేపాలి. మీ డేటా వాల్యూమ్ అనే వేరే చోట ఉంటుంది కాబట్టి భద్రం. డాకర్ కంపోజ్ వాడేవాళ్లకి ఇది రెండు కమాండ్ల పని: ఒక పుల్, ఒక అప్.

డాకర్‌లో "ఇమేజ్" అన్న మాటను ఫొటో అనే అర్థం చేసుకోండి. తీసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఫొటోలో మనిషికి వయసు పెరగదు. బయట మాత్రం రోజులు గడుస్తూనే ఉంటాయి, ఆ ఇమేజ్‌లో ఉన్న లైబ్రరీల్లో కొత్త లోపాలు బయటపడుతూనే ఉంటాయి.

కరెంట్ పోయి వస్తే అప్‌డేట్ అయినట్టు కాదు

మన ఇళ్లల్లో వినిపించే అపోహ ఇది. "నెలకి నాలుగుసార్లు కరెంట్ పోతుంది, బాక్స్ రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది కదా, అప్‌డేట్ కూడా అయిపోయి ఉంటుంది." కాదు. రీస్టార్ట్ చేస్తే అదే పాత ఇమేజ్ నుంచి పుట్టిన అదే పాత కంటైనర్ లేస్తుంది. వందసార్లు రీస్టార్ట్ చేసినా అంతే.

రెండో అపోహ "లేటెస్ట్" అనే ట్యాగ్. సెటప్ ఫైల్‌లో ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని రాసి ఉంటే ఎప్పటికీ తాజాగా ఉంటుందని అనుకుంటారు. అది ఒక పేరు మాత్రమే. మీరు దించుకున్న రోజుకి ఆ పేరు మీద ఏది ఉందో అది మీ డిస్క్ మీదకి వచ్చింది. మూడేళ్ల తర్వాత కూడా మీ దగ్గర లేటెస్ట్ అనే ఉంటుంది, లోపల సరుకు మాత్రం మూడేళ్ల కిందటిది.

మూడోది కాస్త లోతైనది. యాప్ వెర్షన్ కొత్తదైనా దాని కింద ఉన్న బేస్ పాతది కావొచ్చు. ప్రతి ఇమేజ్ కిందా డెబియన్, ఉబుంటు, ఆల్పైన్ లాంటి ఏదో ఒక సిస్టమ్ ముక్క సాధారణంగా ఉంటుంది. ఆల్పైన్ ఒక్కో వెర్షన్‌కి సుమారు రెండేళ్లే సపోర్ట్. డెబియన్ 10కి ఎల్‌టీఎస్ సపోర్ట్ 2024 జూన్ 30న ముగిసింది. ఎవరో ఒక డెవలపర్ హాబీగా కట్టిన ఇమేజ్ అయితే, ఆయనకి పెళ్లో ఉద్యోగం మార్పో వచ్చి వదిలేస్తే, ఆ ఇమేజ్ అక్కడే ఆగిపోతుంది. మీకు ఏ నోటిఫికేషన్ రాదు, ఎందుకంటే పంపేవాళ్లే లేరు. దాని కింద ఏముందో చూసుకోవడం కష్టం కాదు: చాలా కంటైనర్లలో ఈటీసీ ఫోల్డర్‌లో ఓఎస్-రిలీజ్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. దాన్ని తెరిస్తే పేరు, వెర్షన్ రెండూ కనిపిస్తాయి.

"ఐసొలేటెడ్ కదా, ఏమవుతుంది?"

ఈ వాదన నాకు చాలాసార్లు ఎదురైంది. కంటైనర్ విడిగా ఉంటుంది, అందులో ఏదైనా జరిగినా బయటికి రాదు, కాబట్టి పాతదైనా పర్లేదు అని. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం ప్రమాదం.

మొదట, ఆ గోడ మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చూద్దాం. కంటైనర్లన్నీ హోస్ట్ కెర్నెల్‌నే పంచుకుంటాయి. 2022 మార్చిలో బయటపడ్డ డర్టీ పైప్ లోపం గుర్తుందా? లినక్స్ కెర్నెల్ 5.8 నుంచి ఉన్న ఆ లోపంతో, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్లలోకి కూడా రాయగలిగారు. కెర్నెల్‌లో కన్నం ఉంటే లోపల ఎన్ని గదులు కట్టుకున్నా పునాది ఒక్కటే. 2024 జనవరిలో రన్‌సీలో దొరికిన లోపం ఇంకా నేరుగా ఉంటుంది: డాకర్ కంటైనర్లను నిజంగా లేపే చిన్న ప్రోగ్రామ్ అదే, దానిలోని పొరపాటుతో కంటైనర్ నుంచి హోస్ట్ ఫైళ్లలోకి దారి దొరికింది. 1.1.12 వెర్షన్‌లో సరిచేశారు. 2019 ఫిబ్రవరిలోనూ రన్‌సీలో అలాంటిదే ఒకటి వచ్చింది.

కాబట్టి అప్‌డేట్ మూడు అంతస్తుల్లో జరగాలి: హోస్ట్ కెర్నెల్, కంటైనర్ ఇంజిన్, కంటైనర్ లోపలి సరుకు. నాస్ కంపెనీ పంపే అప్‌డేట్ మొదటి రెండిటినీ చూసుకుంటుంది, అదీ ఆ మోడల్‌కి సపోర్ట్ ఉన్నంతకాలం. మూడోది మీదే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. గోడ గట్టిదే అనుకుందాం. దొంగకి బయటికి రావాల్సిన అవసరం ఏముంది? ఇమ్మిచ్ కంటైనర్‌కి మీ పెళ్లి ఫొటోల ఫోల్డర్‌ని మీరే చేతికిచ్చారు, రాసే అనుమతితో సహా. వాల్ట్‌వార్డెన్ లోపలే మీ బ్యాంక్ పాస్‌వర్డ్‌లున్నాయి. కాపాడాల్సిందంతా గది లోపలే ఉంటే, గదికీ హాలుకీ మధ్య గోడ ఎంత మందమైతే ఏం లాభం? దానికితోడు, ఏదో డాష్‌బోర్డ్ అందంగా కనిపించాలని డాకర్ సాకెట్‌ని కూడా కంటైనర్ లోపలికి పంపేవాళ్లున్నారు. ఆ సాకెట్ ఎవరి చేతికి వస్తే వాళ్లు మిగతా కంటైనర్లన్నిటికీ, దాదాపు మొత్తం బాక్స్‌కీ యజమాని అవుతారు.

2021 డిసెంబర్‌లో లాగ్4షెల్ వచ్చినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. లోపం ఉన్నది లాగ్4జే అనే జావా లైబ్రరీలో. ఆ లైబ్రరీని ప్రతి జావా యాప్ తన సంచిలోనే మోసుకు తిరుగుతుంది. హోస్ట్ మీద ప్యాకేజీల లిస్ట్ ఎంత వెతికినా కనిపించదు, కంటైనర్ లోపల మాత్రం ఉంటుంది. చాలామంది ఇళ్లల్లో వైఫై పరికరాల కోసం నడిపే యూనిఫై కంట్రోలర్‌లో కూడా అది ఉంది. కంపెనీ కొద్ది రోజుల్లోనే సరిచేసిన వెర్షన్ ఇచ్చింది. కానీ ఆ వెర్షన్‌తో కొత్త ఇమేజ్ దించుకుని కంటైనర్‌ని మళ్లీ లేపినవాళ్లకే అది అందింది.

ఇంటి సర్వర్ అంటే ఇంటివరకే నష్టం అనుకోవడం కూడా పొరపాటే. పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ లాస్ట్‌పాస్ మీద 2022లో జరిగిన దాడిలో కీలకమైన మెట్టు ఒక ఉద్యోగి ఇంటి కంప్యూటర్. దానిలో ఉన్న ప్లెక్స్ మీడియా సర్వర్‌లోని పాత లోపం గుండా లోపలికి వెళ్లారు. ఆ లోపాన్ని ప్లెక్స్ 2020 మేలోనే సరిచేసింది. ఆ ఉద్యోగి అప్‌డేట్ చేయలేదని, ఆ సరిచేసిన వెర్షన్ తర్వాత దాదాపు 75 వెర్షన్లు వచ్చాయని ప్లెక్స్ చెప్పింది. సినిమాలు చూడటానికి పెట్టుకున్న సర్వర్ అప్‌డేట్ చేయకపోతే కస్టమర్ల వాల్ట్ బ్యాకప్‌ల దాకా వెళ్లింది వ్యవహారం.

మన దగ్గర ఒక చిన్న ఊరట ఉంది. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, కాబట్టి బయటివాళ్లు నేరుగా మీ బాక్స్ తలుపు తట్టలేరు. కానీ ఊరెళ్లినప్పుడు కూడా ఫొటోలు కనిపించాలని క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ పెట్టి లాగిన్ పేజీని ఇంటర్నెట్ మొత్తానికి తెరిచేస్తే ఆ ఊరట కాస్తా పోతుంది. టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ దారి అయితే మీ పరికరాలకే కనిపిస్తుంది. ఇంటర్నెట్‌కి తెరిచిన కంటైనర్ ఒక్కటున్నా దాని అప్‌డేట్ విషయంలో బద్ధకానికి చోటు లేదు.

అలాగని అన్నీ ఆటోమేటిక్‌లో పెట్టేయాలా?

ఇక్కడ నేను రెండోవైపు వాళ్లతో కూడా విభేదిస్తాను. "వాచ్‌టవర్ పెట్టెయ్, రాత్రికి రాత్రి అన్నీ అవే అప్‌డేట్ అయిపోతాయి" అనే సలహా చాలాచోట్ల చదువుతుంటాం. డేటా లేని చిన్న చిన్న కంటైనర్లకి అది ఓకే. డేటాబేస్ ఉన్నవాటికి మాత్రం నేను ఒప్పుకోను.

పోస్ట్‌గ్రెస్ ఉదాహరణ చూడండి. దాని ఇమేజ్ లేటెస్ట్ అని పెట్టి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్ చేశారనుకోండి. 15 నుంచి 16కి మారిన రాత్రి కంటైనర్ లేవదు. పాత వెర్షన్ డేటా ఫైళ్లు కొత్త వెర్షన్‌కి సరిపోవని ఆగిపోతుంది. మేజర్ వెర్షన్ మారినప్పుడు డేటాని డంప్ తీసి మళ్లీ ఎక్కించాలి, లేదా దానికోసమే ఉన్న అప్‌గ్రేడ్ టూల్ వాడాలి. అదే ట్యాగ్ దగ్గర 16 అని రాసి ఉంచితే, ఆ 16లో వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు అందుతాయి, మేజర్ మార్పు మాత్రం మీరు చెప్పినప్పుడే జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ ఒక్కో మేజర్ వెర్షన్‌కి ఐదేళ్లు ప్యాచ్‌లు ఇస్తుంది. తొందరేమీ లేదు.

2025 ఫిబ్రవరిలో పై-హోల్ 6 వచ్చినప్పుడు డాకర్‌లో సెట్టింగ్స్ పేర్లే మారిపోయాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చే వేరియబుల్ పేరు కూడా మారింది. విడుదల నోట్స్ చదివి చేసినవాళ్లకి పది నిమిషాల పని. నిద్రలో అప్‌డేట్ అయినవాళ్లకి పొద్దున్నే చిక్కు. పై-హోల్ ఆగితే ఇంట్లో అందరికీ "నెట్ రావట్లేదు", అందరూ మిమ్మల్నే అడుగుతారు.

ఇక కొత్తది ఎప్పుడూ మంచిదేనా? 2024 మార్చిలో ఎక్స్‌జడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన బ్యాక్‌డోర్ దొరికింది. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీర్. అది డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ వెర్షన్లలోకి చేరింది, స్టేబుల్‌లోకి రాలేదు. అంటే అన్నిటికంటే ముందు పరిగెత్తినవాళ్లకే దెబ్బ తగిలింది. ఈ కథకి ఇంకో సగం ఉంది. 2025 ఆగస్టులో భద్రతా పరిశోధకులు, ఆ బ్యాక్‌డోర్ ఉన్న డజన్ల కొద్దీ పాత ఇమేజ్‌లు డాకర్ హబ్‌లో ఇంకా ఉన్నాయని చూపించారు. తొందరపడి కొత్తది తెచ్చుకున్నా, తెచ్చుకుని అక్కడే ఆగిపోయినా ప్రమాదమే.

"పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకూడదు" అనేవాళ్లకి నెక్స్ట్‌క్లౌడ్ ఒక్కటే సమాధానం. దానిలో మేజర్ వెర్షన్లను దాటేసి దూకడం కుదరదు, ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. మూడేళ్లు వదిలేస్తే ఆ మెట్లన్నీ ఒకే ఆదివారం ఎక్కాలి. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి మొరాయిస్తుంది. అప్‌డేట్ వాయిదా వేయడం అంటే పని తప్పించుకోవడం కాదు, దాన్ని వడ్డీకి పెట్టడం.

నేనైతే ఇలా చేస్తాను

నెలకి ఒక పూట, ఒక గంట. దానికి సరిపోయే పద్ధతి ఇది.

లెక్క రాసుకోండి. బాక్స్‌లో ఏ కంటైనర్లున్నాయి, ఏ వెర్షన్, డేటా ఎక్కడుంది, ఇంటర్నెట్‌కి తెరిచారా లేదా. ఒక పేజీ చాలు. గత మూడు నెలల్లో ఎవరూ తెరవని కంటైనర్ కనిపిస్తే ఆపేయండి. అన్నిటికంటే మంచి సెక్యూరిటీ అప్‌డేట్ తీసేయడమే.

ట్యాగ్‌లో మేజర్ వెర్షన్ రాయండి. లేటెస్ట్ అని వదిలేయకండి.

అప్‌డేట్ చేయించే టూల్ కంటే, అప్‌డేట్ ఉందని చెప్పే టూల్ మేలు. డియున్ లాంటివి కొత్త ఇమేజ్ రాగానే టెలిగ్రామ్‌కి మెసేజ్ పంపుతాయి. మీరు నోట్స్ చదివి నిర్ణయించుకోవచ్చు. ట్రివీ లాంటి స్కానర్‌తో ఇమేజ్‌లో తెలిసిన లోపాలు ఎన్నున్నాయో చూడొచ్చు. మొదటిసారి ఆ లిస్ట్ చూసి కంగారు పడకండి, చాలావరకు మీ వాడకానికి వర్తించవు. "క్రిటికల్" అని ఉండి, ప్యాచ్ కూడా వచ్చినవాటినే ముందు పట్టించుకోండి.

అప్‌డేట్‌కి ముందు బ్యాకప్. డేటాబేస్ డంప్ తప్పనిసరి. చాలామంది పాత ట్యాగ్‌కి వెనక్కి వెళ్లిపోవచ్చులే అనుకుంటారు. కొత్త వెర్షన్ ఒకసారి లేచి డేటాబేస్ నిర్మాణాన్ని మార్చేసిందంటే పాత యాప్ దాన్ని చదవలేకపోవచ్చు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది బ్యాకప్ మాత్రమే. ఫొటోలకి అదనంగా ఇంటి బయట ఇంకో కాపీ ఉండాలి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. డజను కంటైనర్లు ఒకేసారి అప్‌డేట్ చేస్తే, ఏది చెడిందో వెతకడానికే ఆదివారం సరిపోతుంది.

ఇంటర్నెట్‌కి తెరిచినవాటికి ఈ నెలవారీ షెడ్యూల్ సరిపోదు. ప్యాచ్ వచ్చిన వారంలోపే వేసేయాలి.

అమ్మానాన్నల ఇంట్లో పెట్టిన బాక్స్

2021 జూన్‌లో గూగుల్ ఫొటోస్ ఉచిత అన్‌లిమిటెడ్ స్టోరేజ్ ఆపేశాక, కుటుంబం మొత్తానికి ఒక బాక్స్ పెట్టుకుందామనే ఆలోచన చాలా ఇళ్లల్లో వచ్చింది. మన తెలుగు ఇళ్లల్లో దానికి ఒక ప్రత్యేక రూపం ఉంది. డాలస్ నుంచో సిడ్నీ నుంచో సెలవులకి వచ్చిన కొడుకు, విజయవాడలోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నల ఇంట్లో రెండ్రోజులు కూర్చుని అన్నీ సెట్ చేస్తాడు. ఫోన్లలో యాప్ వేస్తాడు, మనవళ్ల ఫొటోలు రావడం మొదలవుతుంది, అందరూ సంతోషం. తర్వాత విమానం ఎక్కేస్తాడు.

రెండేళ్లకి ఒకరోజు ఫోన్ వస్తుంది. "ఒరేయ్, ఫొటోలు తెరుచుకోవట్లేదేంట్రా?" ఫోన్‌లో యాప్ ప్లే స్టోర్ నుంచి దానంతట అదే అప్‌డేట్ అయిపోయింది, సర్వర్ కంటైనర్ మాత్రం రెండేళ్ల కిందటి వెర్షన్ దగ్గరే ఉంది. రెండూ మాట్లాడుకోవట్లేదు. ఇమ్మిచ్ 2025 అక్టోబర్‌లో స్టేబుల్ వెర్షన్ 2.0 ఇచ్చేదాకా తరచూ పెద్ద మార్పులు వస్తాయని, ఫొటోలకి ఇదొక్కటే చోటుగా పెట్టుకోవద్దని తన సైట్‌లోనే హెచ్చరించేది. ఆ హెచ్చరిక చదివింది కొడుకు. ఫొటోలు ఉన్నవి నాన్న దగ్గర.

ఇలాంటి బాక్స్ పెట్టొద్దని నేననను. సొంత ఫొటోలు సొంత ఇంట్లో ఉండటం మంచి సంగతే. కానీ ఏడు సముద్రాల అవతల నుంచి నెలకో గంట దాని మీద పెట్టలేకపోతే, నెలకి కొంత కట్టి క్లౌడ్ స్టోరేజ్ తీసుకోవడమే అమ్మానాన్నలకి మీరు చేసే మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. క్లౌడ్‌కి కట్టే డబ్బులో పెద్ద భాగం డిస్క్ కోసం కాదు, రాత్రిపూట ప్యాచ్‌లు వేసే మనిషి కోసం.

కంపెనీలూ, మనమూ

తప్పంతా వాడేవాళ్ల మీద వేసి వదిలేయలేం. సినాలజీ కంటైనర్ మేనేజర్, క్యూనాప్ కంటైనర్ స్టేషన్ లాంటి యాప్‌లతో నాస్ కంపెనీలు కంటైనర్లను ఒక ఫీచర్‌గా అమ్ముతున్నాయి. అమ్మేటప్పుడు "వందల యాప్‌లు నడపండి" అంటారు. స్క్రీన్ మీద మాత్రం ప్రతి కంటైనర్ పక్కనా పచ్చ చుక్క. దాని అర్థం "నడుస్తోంది" అని మాత్రమే. మూడేళ్లుగా ముట్టుకోని కంటైనర్‌కీ, నిన్న అప్‌డేట్ చేసిన కంటైనర్‌కీ అదే పచ్చ చుక్క. దాని పక్కన "ఈ ఇమేజ్ వయసు 940 రోజులు, దీని బేస్‌కి సపోర్ట్ ముగిసింది" అని ఒక్క లైన్ రాయడానికి పెద్ద ఇంజినీరింగ్ అవసరం లేదు. ఇమేజ్ ఎప్పుడు కట్టారో ఆ తేదీ సాధారణంగా అందులోనే ఉంటుంది.

మా రివ్యూలు రాసేవాళ్ల వంతు కూడా ఉంది. మినీ పీసీనో నాస్‌నో వారం రోజులు వాడి "పదిహేను కంటైనర్లు స్మూత్‌గా నడిచాయి" అని రాస్తాం. వారంలో ఏదైనా స్మూత్‌గానే నడుస్తుంది. ఫోన్ రివ్యూలో అప్‌డేట్ పాలసీకి మార్కులు వేస్తున్నప్పుడు నాస్ రివ్యూలో కూడా మూడు ప్రశ్నలకి జవాబు ఉండాలి: ఈ మోడల్‌కి ఓఎస్ అప్‌డేట్లు ఎప్పటిదాకా, కంటైనర్ ఇంజిన్‌ని కంపెనీ ఎంత తాజాగా ఉంచుతోంది, పాతబడ్డ కంటైనర్ గురించి ఈ బాక్స్ యజమానికి చెబుతుందా లేదా. మూడో ప్రశ్నకి "లేదు" అయితే ప్రాసెసర్ ఎంత వేగంగా ఉన్నా ఆ బాక్స్‌కి నేను పూర్తి మార్కులు వేయను.

ఈ ఆదివారం మీ బాక్స్ తెరిచి అన్నిటికంటే పాత కంటైనర్ ఏదో చూడండి. ముందు బ్యాకప్ తీసి దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా తీసేయండి. వచ్చే నెల తర్వాతిది.